తక్కెడ పంపకాలు

ఆవిడని అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆవిడ తక్కెడ. ఆ పేరు పెట్టింది అన్నయ్య. చిన్నప్పుడు ఇంట్లోకి కొత్త సబ్బు వస్తే ముగ్గురు పిల్లలకీ మూడు ముక్కలు చేసే పని తల్లి ఈవిడకే అప్పజెప్పేది. కత్తితో కోస్తే అంచులు రాలి ఎవరికో ఒకరికి తగ్గుతుందని, దారం చుట్టి రెండు కొసలూ లాగి కోసేది. ముందు అన్నయ్య ఏరుకునేవాడు, తర్వాత తమ్ముడు. చివరికి మిగిలింది తనది. ఇంక ఎవరు నోరెత్తుతారు? "అమ్మా, దీని చేతిలో తక్కెడ ఉందే" అన్నాడు అన్నయ్య ఒకసారి. అంతే, పేరు అతుక్కుపోయింది.

తమ్ముడు తన ముక్కని తడి నేల మీదే వదిలేసి చూస్తుండగా కరగబెట్టుకునేవాడు. తర్వాత అక్క కొంగు పట్టుకుని తిరిగేవాడు. "నీ వాటా నీకిచ్చాను కదరా" అనేది గానీ గోరంత ముక్క కూడా గీకి ఇచ్చేది కాదు. జాలి లేక కాదండీ. ఇవాళ వాడికిస్తే రేపు లెక్క ఏం కావాలి? లెక్క తప్పిందంటే ఆవిడకి అన్నం సయించేది కాదు. ఇలాంటి మనిషితో వేగడం కష్టమే. కాకపోతే ఆ ఇంట్లో సబ్బు గురించి గొడవ ఎప్పుడూ రాలేదు, అది కూడా చెప్పుకోవాలి.

పెద్దయ్యాక ఆవిడ నీటి లెక్కల ఆఫీసులో చేరింది. ఊరికి ఎగువన ఆనకట్ట ఉంది. గేట్లు ఎత్తితే కింద నది ఎంత లేస్తుంది, ఎప్పటికి లేస్తుంది, ఏ వీధి దాకా వస్తుంది అన్నది ముందే చెప్పే ప్రోగ్రాము రాయడం ఆవిడ పని. ఆ లెక్కంతా ఒక్క కంప్యూటరు నెత్తిన పెడితే, జవాబు వచ్చేసరికి వరద వచ్చి వెళ్ళిపోయి జనం ఇళ్ళు కడుక్కుంటూ ఉంటారు. ఒక పెద్ద యంత్రం కొనమని అడిగితే పైవాళ్ళు "చూద్దాం" అన్నారు. ఆఫీసుల్లో చూద్దాం అంటే ఏమిటో తెలిసిన మనిషి కాబట్టి ఆవిడ ఎదురుచూస్తూ కూర్చోలేదు.

ఆఫీసులో ప్రతి టేబుల్ మీదా ఒక కంప్యూటరు ఉంది. అందరూ దాన్ని పెట్టె అనేవాళ్ళు. అన్ని పెట్టెలనీ కలుపుతూ గోడల వెంబడి కేబుల్ పాకి ఉంది. పెట్టెల యజమానులు మీటింగులకీ, టీలకీ, పక్క టేబుల్ దగ్గర కబుర్లకీ పోతుంటారు. అంతసేపూ పెట్టెలు ఊరికే గోళ్ళు గిల్లుకుంటూ ఉంటాయి. తక్కెడ నదిని ఆనకట్ట నుంచి దిగువ వంతెన దాకా ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని ఒక్కో పెట్టెకి అప్పజెప్పింది. ప్రతి పెట్టే తన ముక్కలో నీరు కొంచెం ముందుకి కదిలేలా లెక్క వేస్తుంది. వేసి, నా అంచు దగ్గర నీటిమట్టం ఇంత అని ఎగువ పెట్టెకీ దిగువ పెట్టెకీ చెబుతుంది. వాళ్ళ అంచు సంగతి తను తెలుసుకుంటుంది. అందరిదీ అయ్యాకే అందరూ కలిసి తర్వాతి అడుగు వేస్తారు. ఒక్కరిది అవకపోయినా మిగతా అందరూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ముక్కలన్నీ సమానమని వేరే చెప్పాలా? నదిని కూడా దారం పెట్టి సబ్బు కోసినట్టే కోసింది.

మొదట్లో బాగానే సాగింది. ఇంజనీరు గారు, అంటే ఆఫీసుకి పెద్ద, స్వయంగా వచ్చి చూసి "భేష్" అన్నారు. అయితే కొన్నాళ్ళకి ఒక చిక్కు కనిపించింది. పెట్టెలన్నీ ఒకేలాంటివి కావు. కొన్ని పాతవి. కొన్నిటి ముందు యజమాని కూర్చుని తన పని తాను చేసుకుంటాడు. అలాంటప్పుడు ఆ పెట్టె వెనకబడుతుంది, దానికోసం మొత్తం నది ఆగుతుంది. తక్కెడకి ఇది గిట్టలేదు. ఎవరు వెనకబడుతున్నారో ప్రోగ్రామే కనిపెట్టి, వాళ్ళ చేతిలోని ముక్కని తీసి ఖాళీగా ఉన్నవాళ్ళ చేతిలో పెట్టేలా రాసింది. ఎవరి మీదా ఎక్కువ పడకూడదు, ఎవరూ తప్పించుకోకూడదు. దానికి ముద్దుగా "సర్దుబాటు" అని పేరు కూడా పెట్టుకుంది. తన తెలివికి తనే మురిసిపోయింది.

విచిత్రం ఏమిటంటే, సర్దుబాటు వచ్చాక లెక్క ఇంకా నెమ్మదించింది. ఎందుకో తల బద్దలు కొట్టుకున్నా అర్థం కాలేదు. పెద్ద వానలు పడే లోపల సరిచేస్తానని ఇంజనీరు గారికి మాట ఇచ్చింది.

ఇక ఇల్లు.

ఆవిడ తల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. చెవికి ఫోను తగిలించుకుని ఉద్యోగమంతా మాట మీదే గడిపింది. ఇంట్లోనూ అంతే, గోడతోనైనా మాట్లాడేది. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, దాంతోపాటు మాట పోయింది. కాలు కొంత కూడదీసుకుంది. గోడ పట్టుకుని నడిచేది. మాట మాత్రం చిక్కినట్టే చిక్కి జారిపోయేది. మాటలు నేర్పే డాక్టరమ్మ ముగ్గురు పిల్లల్నీ కూర్చోబెట్టి మొహమాటం లేకుండా చెప్పింది.

"ఈ ఏడాదిలో ఎంత తిరిగొస్తే అంత. తర్వాత వచ్చేది చాలా తక్కువ. కాబట్టి ఖాళీగా ఉంచకండి, మాట్లాడిస్తూనే ఉండండి."

పంపకం ఎవరు చేశారో మీకు చెప్పక్కర్లేదు. నెల అన్నయ్య దగ్గర, నెల తమ్ముడి దగ్గర, నెల తన దగ్గర. మళ్ళీ అన్నయ్య. తల్లి సామానంతా జిప్పు ఉన్న ఒక్క సంచీలో పట్టేది. బట్టలు, దువ్వెన, కళ్ళజోడు పెట్టె, ఆవిడ నీళ్ళు తాగే గ్లాసు. నెలాఖరుకి ఆ సంచీ ఒక గుమ్మం దిగి ఇంకో గుమ్మం ఎక్కేది. ఆవిడకి ఎక్కడ ఉండాలనుందో ఎవరూ అడగలేదు. నోట మాట లేని మనిషిని ఏం అడుగుతాం అనుకున్నారు కాబోలు. అది తప్పే, అడిగి ఉండాల్సింది.

తమ్ముడి ఇంటి నుంచి తన ఇంటికి తీసుకొచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. తల్లి గదిలో దిక్కులు చూస్తూ కూర్చునేది. ముందు నెలల్లో వచ్చిన "చాలు", "నీళ్ళు" లాంటి చిన్న మాటలు కూడా ఎగిరిపోయేవి. అన్నిటికన్నా బాధ పెట్టింది బాత్రూము దగ్గరి సంగతి. తలుపు దగ్గర నిలబడి, ఆడే ఎడమ చేత్తో ఎడమ పక్క ఉత్త గోడ మీద తట్టేది. మళ్ళీ తట్టేది. స్విచ్ కుడి పక్క కళ్ళెదురుగా కనిపిస్తూనే ఉండేది. "అమ్మా, ఇదిగో ఇక్కడ" అని తక్కెడ లైటు వేస్తే, తల్లి తెల్లబోయి చూసేది. స్విచ్ అంటే ఏమిటో కూడా మర్చిపోయిందని తక్కెడ అనుకుంది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది.

నెల గడిచేసరికి మళ్ళీ కోలుకునేది. స్విచ్ దొరికేది. ఒకసారి అన్నం గిన్నె ముందు కూర్చుని కూతురి వంక చూసి "తక్కెడ" అని పిలిచింది కూడా. సరిగ్గా అప్పుడే నెలాఖరు వచ్చింది. వంతు వంతే కదా! సంచీ సర్ది అన్నయ్య ఇంటికి పంపింది.

తన ఇంట్లో బాగుపడుతోంది, తమ్ముడి ఇంటి నుంచి వచ్చేసరికి పాడవుతోంది. ఇందులో తెలియనిదేముంది అనుకుంది తక్కెడ. తమ్ముడు బేకరీలో పనిచేస్తాడు, తెల్లవారకముందే వెళ్ళిపోతాడు. మరదలు ఇంట్లో మిషను కుడుతుంది. రెండు గదులు, ఇద్దరు చిన్న పిల్లలు. అమ్మతో మాట్లాడే తీరిక అక్కడ ఎవరికుంది? వెనకబడిన పెట్టె చేతిలోంచి ముక్కని తీసేయాలి. అంతే.

అన్నయ్యది రంగుల దుకాణం. ఆ సంగతి తేల్చుకోవడానికి ముగ్గురూ అక్కడ డబ్బాల మధ్య స్టూళ్ళు వేసుకుని కూర్చున్నారు. తమ్ముడు పని దిగి నేరుగా వచ్చాడు, జుట్టు నిండా పిండి.

తక్కెడ నాన్చే రకం కాదు. "వీడింట్లో అమ్మ వెనక్కి పోతోంది అన్నయ్యా" అంది. "నా దగ్గరికి వచ్చేసరికి స్విచ్ వేయడం కూడా గుర్తుండట్లేదు. మాట్లాడించేవాళ్ళు లేరక్కడ. వీడు పొద్దున్నే పోతాడు. ఆ అమ్మాయేమో ఎప్పుడూ మిషను మీదే ఉంటుంది."

"మిషను మీద ఉంటే నోరు కుట్టేసుకుంటుందా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"తప్పు పట్టట్లేదురా. మీకు వీలు కాదంటున్నా. నేనూ అన్నయ్యా చెరిసగం పంచుకుంటాం. నీకు భారం ఉండదు."

"భారమా! నేనెప్పుడన్నా అన్నానా ఆ మాట?"

అన్నయ్య ఏదో చెప్పబోయాడు. చెల్లెలి మొహం చూసి, ఆ మాట మింగేసి, చేతిలోని రంగు డబ్బా మూత ఇంకా గట్టిగా నొక్కాడు. "నెమ్మదిగా మాట్లాడుకోండర్రా, షాపు ఇది" అన్నాడు.

తమ్ముడు లేచాడు. "సరే. ఈ నెల నా దగ్గరుంది కదా. నెలాఖరుకి వచ్చి తీసుకుపో. మళ్ళీ తేనక్కర్లేదు." చిన్నప్పుడు సబ్బు అడిగి లేదనిపించుకున్నప్పుడు కూడా వాడి మొహం ఇలాగే ఉండేది. తక్కెడకి అది గుర్తొచ్చింది. గుర్తొచ్చినా మాట వెనక్కి తీసుకోలేదు. అమ్మ మాట సంగతి ఇది, ఏడాదిలో చాలా భాగం అయిపోయింది, ఇంకా మొహమాటపడుతూ కూర్చుంటే ఎలా అనుకుంది.

ఆఫీసులో మ్యాపులు గీసే మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆయన పెట్టె కాసేపు ముట్టుకోకపోతే తెర మీద చేపలు వచ్చేవి. ఎర్రవి, చారలవి, తోకలు ఊపుతూ, బుడగలు వదులుతూ అటూ ఇటూ ఈదేవి. మాస్టారికి అవంటే ప్రాణం. అందరూ ఆయన్ని చేపల మాస్టారు అనేవాళ్ళు. ఆయన ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కూడా కాదు. నాలుగు గీతలు గీస్తారు, లేస్తారు, కిటికీలోంచి చూస్తారు, వచ్చి మళ్ళీ నాలుగు గీతలు.

ఇంజనీరు గారికి చెప్పిన గడువు దగ్గర పడుతోంది. తక్కెడ లెక్క ఎక్కడ నెమ్మదిస్తోందో కంటితో చూద్దామని ఒక చిన్న ఏర్పాటు చేసింది. తన తెర మీద ప్రతి పెట్టెకీ ఒక గడి. లెక్క వేస్తుంటే ఆ గడి ఆకుపచ్చ. పక్కవాళ్ళ కోసం ఎదురుచూస్తుంటే ఎరుపు. నది ముక్కని ఒకరి నుంచి ఇంకొకరికి మోస్తుంటే పసుపు. ప్రోగ్రాము నడిపింది. ఎరుపు ఉంటుందనుకుంది. కానీ తెరంతా పసుపు కమ్మేసింది.

ఒక్కో ముక్కలో నది అడుగు ఎత్తుపల్లాలు, గట్లు, నీరు, వేగం, బోలెడంత సరంజామా ఉంటుంది. దాన్నంతా ఒక పెట్టె మూట కట్టాలి, కేబుల్ మీద పంపాలి, అవతల పెట్టె విప్పి తన దగ్గర సర్దుకోవాలి. సర్దుకునేసరికి మళ్ళీ ఎత్తమంటున్నారు! ఎవరు? తక్కెడ గడులన్నిటినీ చూస్తూ పోయి ఒక గడి దగ్గర ఆగింది. లేచి వెళ్ళి చేపల మాస్టారి గది గుమ్మంలో నిలబడింది.

మాస్టారు కిటికీ దగ్గర ఉన్నారు. తెర మీద చేపలు వచ్చాయి. ఆ చేపల్ని ఈదించడం అంటే మాటలు కాదు, పెట్టె బలమంతా దానికే పోతుంది. వెంటనే సర్దుబాటు "ఈ పెట్టె వెనకబడింది" అని నది ముక్కని మూట కట్టించి పక్క గది పెట్టెకి పంపింది. మాస్టారు తిరిగి వచ్చి మౌస్ కదిపారు. చేపలు మాయం. "ఈ పెట్టె ఖాళీ అయింది" అని సర్దుబాటు ముక్కని వెనక్కి రప్పించింది. మాస్టారు మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళారు. మళ్ళీ చేపలు, మళ్ళీ మూట.

తక్కెడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఏమ్మా, చేపలు చూడటానికొచ్చావా?" అన్నారు మాస్టారు.

"అవును మాస్టారూ."

"తీసేయమంటే తీసేస్తాలే. మొన్న ఎవరో అన్నారు, వీటివల్ల పెట్టె నెమ్మదిస్తుందని."

"వద్దు, ఉండనివ్వండి" అంది. ఆవిడ నోట ఆ మాట వచ్చిందంటే ఆఫీసులో ఎవరూ నమ్మరు. కానీ అప్పటికే ఆవిడకి అర్థమైంది. తప్పు చేపలది కాదు.

తన టేబుల్ దగ్గరికి వచ్చి సర్దుబాటుని పీకి పారేసింది. మాస్టారి పెట్టెకి మొదటే చిన్న ముక్క ఇచ్చింది, కొత్త పెట్టెలకి పెద్దవి. ఒకసారి ఇచ్చాక ఎక్కడి ముక్క అక్కడే. అంచుల దగ్గరి నీటిమట్టం ఒక్కటే అటూ ఇటూ తిరుగుతుంది, చిటికెలో పోయి చిటికెలో వస్తుంది. సమానంగా లేని వాటాలు పంచడం ఆవిడ జీవితంలో అదే మొదలు. నడిపింది. తెర ఆకుపచ్చగా నిండింది. మాస్టారి చేపలు ఈదుతూనే ఉన్నాయి, నది పారుతూనే ఉంది.

ఇంజనీరు గారు వచ్చి వెనక నిలబడి చూశారు. మొహం వెలిగిపోయింది. "అయితే ఇన్నాళ్ళూ టైమంతా ఎటు పోయిందమ్మా?"

"మోయడానికే సార్" అంది తక్కెడ హుషారుగా. "ఎవరూ చేతగాక ఆగలేదు. ముక్క ఒకచోట దిగి, సర్దుకుని, పని మొదలుపెట్టేసరికి మనమే మళ్ళీ ఎత్తి ఇంకోచోట దింపుతున్నాం. కుదురుకునే లోపలే..."

మాట అక్కడే ఆగిపోయింది. ఇంజనీరు గారు ఇంకేదో అడుగుతున్నారు, ఆవిడ చెవికి ఎక్కలేదు. కళ్ళ ముందు జిప్పు సంచీ కనిపించింది. గోడని తడుతున్న ఎడమ చెయ్యి కనిపించింది.

వరండాలోకి వెళ్ళి అన్నయ్యకి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఒక్క సంగతి నిజం చెప్పు. నా దగ్గర్నుంచి మీ ఇంటికి వచ్చినప్పుడు అమ్మ ఎలా ఉండేది?"



"నువ్వు బాధపడతావని చెప్పలేదే. మొదటి వారమంతా మనిషి మనిషిలా ఉండేది కాదు. మాటా పలుకూ లేదు. బాత్రూముకి దారి తెలిసేది కాదు." మళ్ళీ అన్నాడు, "నువ్వు ఆఫీసు గొడవలో పడి సరిగ్గా చూడట్లేదేమోనని మీ వదిన అనుకుంది. నేను కోప్పడ్డాను. కానీ నాకూ అనుమానమే."

తను పలికించిన ప్రతి మాట, నేర్పిన ప్రతి అడుగు, తన చేత్తోనే సంచీలో పెట్టి పారబోసింది. పైగా ఆ నిందని తమ్ముడి నెత్తిన రుద్దింది. తమ్ముడి ఇంటికి ఒక్కసారైనా నెల మధ్యలో వెళ్ళి చూసిందా? లేదు. వాడి వంతులో తను తలదూర్చకూడదు కదా! అదీ ఆవిడ నిక్కచ్చితనం.

నెలాఖరు రానే వచ్చింది. ముందే మాట్లాడి పెట్టుకున్న టాక్సీ ఎక్కి వెళ్ళింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది గానీ, సందు మలుపు తిరిగేసరికి అన్నీ మర్చిపోయింది.

మరదలు తలుపు తీసింది. మొహంలో నవ్వు లేదు. "రండి వదినా. అన్నీ సర్దేశాను" అంది. తమ్ముడు ఆ రోజు సెలవు పెట్టుకున్నట్టున్నాడు, కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. పలకరించలేదు. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది. దాని పక్కనే గుండీల డబ్బా, ఇంకో చిన్న గిన్నెలో రంగులవారీగా ఏరిపెట్టిన గుండీలు. పిల్లది నేల మీద కూర్చుని "నానమ్మ ఎర్రవి ఏరింది, నేను తెల్లవి" అని ఎవరూ అడగకుండానే చెప్పింది. "నానమ్మ ఎర్రవి అంటే ఎర్రవే ఇవ్వాలి. లేకపోతే కాదు కాదు అంటుంది."

తల్లి మంచం అంచున కూర్చుని ఉంది. తల దువ్వి ఉంది. చెప్పులు వేసుకుని ఉంది. ఒళ్ళో సంచీ.

"అత్తయ్య పొద్దున్నుంచీ అలాగే కూర్చున్నారు" అంది మరదలు. "నెలాఖరని ఆవిడకి తెలుసు."

తక్కెడ ఏదో అనబోయింది. అంతలో తల్లి సంచీ పక్కన పెట్టి లేచింది. గోడ పట్టుకుని మెల్లగా బాత్రూము వైపు నడిచింది. తలుపు దగ్గర ఆగలేదు, తిరిగి చూడలేదు. ఎడమ చెయ్యి ఎడమ పక్క గోడ మీదకి దానంతట అదే వెళ్ళింది. అక్కడ స్విచ్ ఉంది. లైటు వెలిగింది.

తక్కెడ ఆ స్విచ్ వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. తన ఇంట్లో అమ్మ తట్టింది ఉత్త గోడని కాదు. ఈ స్విచ్‌ని.

వీధిలో టాక్సీ అతను హారన్ కొట్టాడు. తమ్ముడు కిటికీ దగ్గర్నుంచే "బండి వెయిట్ చేస్తోంది, తీసుకుపో" అన్నాడు.

"రేయ్, అతన్ని వెళ్ళిపోమను."

"ఏం? మళ్ళీ ఏం తప్పు కనిపించింది?"

"తప్పు నాదేరా." అంత మాట అనడానికి ఆవిడకి చాలా కష్టమైంది. అన్నాక సులువైంది. "నీ ఇల్లూ కాదు, నా ఇల్లూ కాదు. తిప్పడమే అమ్మని పాడుచేసింది. కుదురుకునేసరికి ఎత్తుకుపోతున్నాం. అన్నయ్య దగ్గరికి నేను పంపినప్పుడు కూడా ఇలాగే ఉండేదట. నేను నిన్ను అన్నాను, వదిన నన్ను అంది."

తమ్ముడు ఇటు తిరిగాడు. మరదలు వంటింటి గుమ్మంలో ఆగింది.

"అమ్మని ఇక్కడే ఉండనివ్వు" అంది తక్కెడ. "రోజూ ఆఫీసు నుంచి నేనే వస్తాను, కూర్చుని మాట్లాడిస్తాను. అన్నయ్యా వస్తాడు, అడిగాను. స్నానం, పక్క, బట్టలు, మీరు ఏం చెబితే అది చేస్తాం. అమ్మ మాత్రం కదలకూడదు."

"మరి వంతులు?" అన్నాడు తమ్ముడు. ఎగతాళో, నిజంగా అడిగాడో తెలియదు.

"వంతులూ వద్దు, వాటాలూ వద్దు. నీ మీద ఎక్కువ పడుతుంది, నాకు తెలుసు. సమానం కాదు. ఒప్పుకుంటావా?"

తమ్ముడు బయటికి వెళ్ళి టాక్సీ అతన్ని పంపించేసి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

తల్లి తిరిగి వచ్చి మంచం మీద కూర్చుంది. అలవాటుగా సంచీని ఒళ్ళోకి లాక్కుంది. తక్కెడ ఆవిడ ముందు నేల మీద కూర్చుని, ఆ ఏడాదంతా ఎవరూ అడగని మాట అడిగింది.

"అమ్మా, ఇక్కడే ఉంటావా?"

తల్లి కూతురి వంక చూసింది. కోడలి వంక చూసింది. గుండీల ముందు కూర్చున్న మనవరాలి వంక చూసింది. ఎడమ చేత్తో సంచీ జిప్పు పట్టుకుని లాగింది. అది సగంలో ఇరుక్కుంది. తక్కెడ సాయం చేయబోతే చెయ్యి పక్కకి తోసింది. తనే లాగింది. దువ్వెన తీసి కోడలికి ఇచ్చింది. గ్లాసు తీసి మంచం పక్కన స్టూలు మీద, ఎప్పుడూ ఉండే చోట పెట్టింది. తర్వాత కాళ్ళతోనే చెప్పులు విడిచింది.

తక్కెడ తన ఇంట్లో గదికి కొత్త పరదాలు వేసింది, మంచానికి మెత్తటి పరుపు తెప్పించింది. అమ్మ తన పేరే కదా పిలిచింది! ఈ రెండు గదుల్లో అమ్మ కుదురుకుంటుందని తెలిసి సంతోషం కలిగింది, అది తన ఇల్లు కానందుకు అసూయ కూడా కలిగింది. రెండూ ఒకేసారి కలిగాయి. ఏది ఎక్కువో తూచే ఓపిక అప్పుడు లేదు.

"నేను రేపు వస్తానమ్మా" అని లేచింది.

తల్లి నోరు కదిలింది. పెదవి ఒక పక్కకి లాగింది. గొంతులో ఏదో ఉండ చుట్టుకున్నట్టు ఆగింది. గదిలో అందరూ ఆగిపోయారు. పిల్లది కూడా గుండీలు వదిలేసింది.

"కూర్చో" అంది తల్లి. ఊపిరి తీసుకుంది. "టీ... తాగి... వెళ్దువుగాని."

జబ్బు చేశాక ఆవిడ నోట వచ్చిన మొదటి నిండు వాక్యం అది. గుమ్మంలోకి వచ్చిన చుట్టానికి ఇంటి పెద్ద చెప్పే మాట. మరదలు కళ్ళొత్తుకుంటూ స్టవ్వు దగ్గరికి పరిగెత్తింది. తమ్ముడు మిషను ముందున్న కుర్చీ తెచ్చి అక్క పక్కన వేశాడు.

తక్కెడ చుట్టంలాగే ఆ కుర్చీలో కూర్చుంది. టీ వచ్చేదాకా కదల్లేదు.